ఊఁకొట్టుడు సారు

అనకాపల్లి నుంచి ఫోను వచ్చింది. పాడేరులో ఒకప్పుడు నాతో పాటు ఒకే గదిలో కూర్చుని కంప్యూటర్‌లో పిల్లల పేర్లు కొట్టిన మనిషి. మనవడి అన్నప్రాసన సంగతులూ మోకాళ్ళ నొప్పుల సంగతులూ అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు, అన్నట్టు మన ఊఁకొట్టుడు సారు పోయారంట, నీకు తెలుసా అంది. నాకు తెలియదు. ఎప్పుడు, ఎలా అని అడిగాను. వివరం తనకీ తెలియదు. పాడేరు బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విందట. వాళ్ళు ఏ పేరుతో చెప్పుకున్నారని అడిగాను. పేరేమీ అనలేదు, కంప్యూటర్ సారు అన్నారు, అక్కడ ఇంకే కంప్యూటర్ సారున్నాడు అంది. ఫోను పెట్టేశాక చాలాసేపు పని మీద చెయ్యి ఆడలేదు. దుఃఖం అని చెప్పలేను. సిగ్గేసింది. ఆయన గుర్తొస్తే నాకు ముందు వచ్చేది అదే, మిగతావన్నీ ఆ తర్వాతే.

ఆయన పేరు నేనిక్కడ రాయను. సర్టిఫికెట్లలో ఉన్న పేరు ఆయన తెచ్చిపెట్టుకున్నది. ఇంట్లో పెట్టిన పేరు మాకెవరికీ చెప్పలేదు. నా ఎదుట ఒక్కసారే అన్నారు, అది కూడా నాతో కాదు.

మాది హాస్టళ్ళలో చదివే గిరిజన పిల్లల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న ఆఫీసు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. రేకుల కప్పు, మూడు కంప్యూటర్లు, ముగ్గురం ఆడవాళ్ళం, మా పైన ఆయన. చలికాలం పొద్దున్నే పాడేరులో వేళ్ళు కొయ్యల్లా ఉండేవి. మేం చేతులు రుద్దుకుంటూ టీ కోసం ఎదురు చూస్తుంటే ఆయన మాత్రం వచ్చీ రాగానే మానిటర్ ఆన్ చేసి, దాని నెత్తి మీద రెండు అరచేతులూ ఆనించి, దాన్ని దీవిస్తున్నట్టు నిలబడేవారు. వేడి తగిలాక కూర్చునేవారు. చొక్కా చేతులు ఎప్పుడూ మణికట్టు దాకా గుండీలు పెట్టి ఉండేవి. ఎండాకాలంలో కూడా మడత పెట్టగా నేను చూడలేదు.

ఏదన్నా అడిగితే ఆ ప్రశ్నలో చివరి మాట ఒకసారి తనలో తాను అనుకునేవారు. టీ తాగుతారా సార్ అంటే, ‘తాగుతారా’ అని గొణుక్కుని, ఆ తర్వాత తాగుదాం అనేవారు. అనకాపల్లి ఆయన్ని అచ్చం అలాగే అనుకరించేది. నిజానికి దాని పేరు అనకాపల్లి కాదు. ఆయన ఎవర్నీ పేరు పెట్టి పిలిచేవారు కాదు. అది అనకాపల్లి, నేను సాలూరు, మూడో అమ్మాయి చోడవరం. ‘సాలూరూ, ఆ ఫ్లాపీ ఇటివ్వండి’ అనేవారు. మాకది ముద్దుగానే ఉండేది. మీదే ఊరు సార్ అని ఎప్పుడడిగినా, ‘పైన’ అని కిటికీలోంచి కొండల వైపు చెయ్యి ఊపేవారు. కిటికీలోంచి ఎటు చూసినా కొండలే.

మా పనికి ఒక ప్రోగ్రాం ఉండేది. ఎక్కడో పెద్ద ఊళ్ళో ఎవరో తయారుచేసి పంపించింది. నల్ల తెర, దాని మీద ఆకుపచ్చ ఇంగ్లీషు అక్షరాలు. బొమ్మలు లేవు, మౌసుతో పని లేదు. ఒక ప్రశ్న అడుగుతుంది, జవాబు కొట్టేదాకా కదలదు. కొట్టాక ఇంకో ప్రశ్న. ఇప్పటికే హాస్టల్లో ఉన్న పిల్లల పేర్లనీ కొత్తగా చేరడానికి వచ్చిన పేర్లనీ పక్కపక్కన పెట్టి చూడటం దాని పని. ఒకే పిల్ల రెండు సీట్లు పట్టుకోకూడదని. పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు కలిస్తే చాలు, ఆగిపోయి ఇద్దరూ ఒకే మనిషేనా అని అడిగేది. అవునంటే ‘వై’ కొట్టాలి, కాదంటే ‘ఎన్’. వై కొడితే రెండు పేర్లూ కలిసి ఒకటైపోయేవి. రెండోదాని జాడ మిగిలేది కాదు.

అన్నీ చూసుకుంటూ పోతే మధ్యలో కరెంటు పోయేది. కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచీ. జూన్ వచ్చేసింది, హాస్టళ్ళు తెరవాలి, ఆఫీసరు గారు గంటకోసారి గుమ్మంలో నిలబడి మా వీపుల వైపు చూసి వెళ్ళేవారు. ఆ ప్రోగ్రాంని మార్చడానికి మాకు వీల్లేదు, అది లోపల ఎలా రాశారో మాకు పంపలేదు. అప్పుడు సారు ఇంకో దారి తొక్కారు. ప్రోగ్రాంని ముట్టుకోకుండా, దాని ముందు మా బదులు కూర్చుని జవాబులు కొట్టే చిన్న స్క్రిప్టు రాశారు. మాకు అర్థం కాకపోతే ఆయన చెప్పిన తీరు నాకిప్పటికీ బాగుంటుంది. పిల్లలకి కథ చెబుతుంటే ఊఁ కొడతారు కదా. కథ వినాలనేం లేదు. చెప్పేవాళ్ళ మాట ఆగిన చోట ఊఁ అంటే చాలు, కథ ముందుకెళ్ళిపోతుంది. ఇదీ అంతే. ప్రశ్న మొత్తం దీనికి అక్కర్లేదు, ప్రశ్న చివర ఫలానా మాట తెర మీద కనపడేదాకా ఆగుతుంది, కనపడగానే నేను చెప్పి ఉంచిన జవాబు కొట్టేస్తుంది. కావాలంటే ఏదో ఒక ప్రశ్న దగ్గర ఆగి, ఇది నా వల్ల కాదు మీరు కొట్టండి అని మనిషికి అప్పజెప్పేలా కూడా రాయొచ్చు. ఈ చివరి మాట కూడా ఆయనే చెప్పారు. అందుకే మర్చిపోలేను.

స్క్రిప్టులో పెట్టడానికి ఏ ప్రశ్నకి మేం ఏం కొడుతున్నామో ఒక్కొక్కరినీ అడిగారు. ఒకే మనిషేనా అన్న దగ్గరికి వచ్చేసరికి అనకాపల్లి, వైయే కొడుతున్నాం సార్ అంది. పేరొకటే, తండ్రి పేరొకటే, ఇంటిపేరొకటే, ఊరొకటే, ఇంకేముంటుంది సార్ అంది. ఆ కొండల మీద కొన్ని ఊళ్ళలో పుట్టిన వారాన్ని బట్టి పిల్లలకి పేరు పెడతారు. బుధవారం పుడితే బుద్ర, బుద్రి. శుక్రవారం పుడితే సుక్ర, సుక్రి. ఈ సంగతి మాకూ తెలుసు. తెలిసీ మాకది నవ్వులాటగానే ఉండేది. వీళ్ళకి ఏడే పేర్లు సార్, ఎనిమిదోది వెతుక్కోడానికి బద్ధకం అన్నాను నేను. ముగ్గురం నవ్వాం. ఆయనా నవ్వారు. ‘ఇంకేముంటుంది’ అని గొణుక్కున్నారు. వేళ్ళు కాసేపు కీబోర్డు మీద కదలకుండా ఉన్నాయి. తర్వాత వై అని రాశారు.

ఆ రోజు సంత. సారు స్క్రిప్టు మొదలుపెట్టి తెర ముందు నుంచి లేచి నిలబడ్డారు. ఖాళీ కుర్చీ ముందు ప్రశ్నలు రావడం, వాటి పక్కన జవాబులు వాటంతటవే పడటం మొదలైంది. మేం కూరలు కొనుక్కుని వచ్చేసరికి అటెండరు గుమ్మం దగ్గరే నిలబడి లోపలికి రావడానికి జంకుతున్నాడు. ‘ఏటి మేడం ఇది, కుర్సీలో ఎవులూ నేరు, అచ్చరాలు పడిపోతన్నాయి’ అన్నాడు. ఊఁ కొడుతోందిలే అని అనకాపల్లి అంది. ఆ పూట నుంచి ఆ స్క్రిప్టు ఊఁకొట్టుడు, దాన్ని రాసినాయన ఊఁకొట్టుడు సారు. సాయంత్రానికి పని అయిపోయింది. ఆఫీసరు గారు స్వీట్లు తెప్పించి అందరి ముందూ సారు భుజం తట్టారు. సారు స్వీటు చేత్తో పట్టుకునే ఉన్నారు, తినడం నేను చూడలేదు. మొహమాటం అనుకున్నాను.

హాస్టళ్ళు తెరిచిన వారంలో వానలు పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం ఒకాయన నెత్తిన ఆకుల గిడుగుతో, పక్కన పిల్లతో మా వరండాలోకి వచ్చాడు. పిల్లకి నూనె పెట్టి గట్టిగా రెండు జడలు వేశారు. ఒళ్ళంతా తడిసింది. కొత్త స్టీలు కంచం, గ్లాసు గుండెకి హత్తుకుని ఉంది, హాస్టల్లో చేరాలంటే అవి తెచ్చుకోవాలి కనుక. తండ్రి పేరు బుద్ర, పిల్ల పేరు సుక్రి. హాస్టల్ దగ్గరికి వెళితే, బుద్ర కూతురు సుక్రి పోయినేడే చేరిపోయింది, రెండోసారి ఎలా వస్తుంది అని వార్డెనమ్మ వెనక్కి పంపించేసిందట. ఆఫీసరు గారు కూడా అదే అన్నారు. కంప్యూటర్ చెబుతోంది కదయ్యా అన్నారు. బుద్ర అక్కణ్ణుంచి మా గదిలోకి వచ్చి, ఆ కంప్యూటర్ ఏదో చూద్దామని నా ముందు నిలబడ్డాడు.

‘ఆ సుక్రి ఏరే తల్లీ. ఆ బుద్ర ఏరే, నాను ఏరే’ అన్నాడు.

నేను తెర మీద చూపించాను. ఒకే పేరుంది. ఆయనకి చదవడం రాదు, అయినా మర్యాదగా వంగి చూశాడు. మా గుంట సుక్రి ఇందులో నేదా అని అడిగాడు. నేను ఏదో సర్దిచెప్పబోతుంటే వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. సారు లేచి వచ్చి ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టారు. తెలుగులో కాదు. ఆ కొండల మీద మాట్లాడే ఒరియాలో. సారు నోట ఆ భాష మేం అప్పటిదాకా వినలేదు. మేం ముగ్గురం చేతులు ఆపేసి చూస్తూ ఉండిపోయాం. బుద్ర మొహం విప్పారింది. సారుని ఏదో అడిగాడు, రెండే మాటలు. సారు మా వైపు చూశారు. తర్వాత బుద్ర చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పారు. బుద్ర సంతోషంగా నవ్వి, సొంత మనిషి కనపడ్డట్టు సారు మోచెయ్యి పట్టుకున్నాడు. ఇక పని అయిపోయినట్టే అనుకున్నాడు పాపం.

కాలేదు. సారు వెళ్ళి తప్పు నా స్క్రిప్టులో ఉందని ఆఫీసరు గారికి చెప్పారు. జాబితా పైకి వెళ్ళిపోయింది, వచ్చే ఏడు చూద్దాం, నువ్వు అనవసరంగా నెత్తినేసుకోకు అన్నారాయన. తండ్రీ కూతుళ్ళు ఆఖరి జీపుకి వెళ్ళిపోయారు. అప్పుడైనా ఆ పిల్ల ఏడ్చి ఉంటే బాగుండేది. అమ్మకి చెప్పినట్టే, కంచం తడవకుండా పైటలో చుట్టమని తండ్రిని అడిగింది. ఆయనకి పైట లేదు కదా, కండువాలో చుట్టి ఇచ్చాడు.

ఆ తర్వాత సారు మారిపోయారు. ఇంకా ఎందరు పిల్లలు అలా కలిసిపోయారో తెలుసుకోవాలని చూశారు. కంప్యూటర్‌లో జాడ లేదు. తెర నిండిపోతుందని, ఏ ప్రశ్నకి ఏం కొట్టిందో రాసి ఉంచొద్దని ఆయనే స్క్రిప్టుకి చెప్పి ఉంచారు. ఇక ఊరూరూ తిరిగి అడగడం తప్ప వేరే దారి లేదు. ఆదివారాలు జీపు వెనక వేలాడుతూ వెళ్ళేవారు, సోమవారం బూట్ల నిండా ఎర్రమట్టితో వచ్చేవారు. కొందరు దొరికారు. స్క్రిప్టు కూడా మార్చారు. ఆ ప్రశ్న రాగానే ఆగిపోయి గంట కొట్టేది. గంట వినపడగానే ఆయన లేచి, ఆ ఊరి వాళ్ళెవరన్నా వరండాలో ఉన్నారేమో అడిగి వచ్చి, అప్పుడు వైయో ఎన్నో కొట్టేవారు. ఎవరూ లేకపోతే ఎవరన్నా వచ్చేదాకా దాన్ని అలాగే వదిలేసేవారు. ఆఫీసరు గారు విసుక్కునేవారు. ఆయన ఆ విసుగులో చివరి మాట కూడా గొణుక్కునేవారు కాదు, మళ్ళీ వరండాలోకి వెళ్ళేవారు.

సుక్రి సీటు కోసం మాత్రం పై ఆఫీసుకి వెళ్ళి పట్టుపట్టి కూర్చుని సాధించుకొచ్చారు. పండగకి ముందే ఆ పిల్లని తెచ్చి చేర్చాలి. ఆడపిల్లని తీసుకురావాలి, మీరూ రండి సాలూరూ అన్నారు. వెళ్ళాను.

జీపులో, ఘాట్ మలుపుల్లో, ఆయన నా వైపు చూడకుండా ఎదురుగా రోడ్డు వైపు చూస్తూ చెప్పారు. ఆ రోజు బుద్ర అడిగింది, నువ్వు ఏ వారం అని. అక్కడ కొత్త మనిషితో చుట్టరికం కలుపుకోవాలంటే ముందు అదే అడుగుతారట. సారుదీ వారం పేరే. హాస్టల్లో చదివేటప్పుడు కింద మైదానం నుంచి వచ్చిన పిల్లలు ఆయన్ని ఆ పేరుతో పిలిచి, ఇవాళ నీ రోజు కాదు పో, నీ రోజున రా అని ఆటలోంచి తరిమేవారట. పదో తరగతి పరీక్షకి ముందు పేరు మార్పించుకున్నారు. ఇంటికి వెళ్ళినప్పుడు తప్ప ఆ పేరు ఎవరి నోటా రానివ్వలేదు. క్రమంగా ఇంటికి వెళ్ళడమూ తగ్గించారు.

‘ఆ ప్రశ్న దగ్గర ఆపుదామనే అనుకున్నాను. ఆపితే ఎందుకు ఆపారు సార్ అని మీరు అడుగుతారు కదా’ అన్నారు.

ఏడే పేర్లు అన్నది నేనే. ఆయన ఆ మాట ఎత్తలేదు. తప్పు నాదే సార్ అనాలి. జీపు ఒక్కో మలుపు తిరుగుతుంటే, ఇప్పుడు అందాం, వచ్చే మలుపులో అందాం అనుకుంటూ, ఆ ఊరు వచ్చేదాకా కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను.

కాఫీ తోటల్లోంచి కాలిబాటన పైకి నడిచాం. ఊరు చిన్నది, ఇళ్ళు రెండు వరుసలు. బుద్ర ఇంటి ముందు చాప వేసి మమ్మల్ని కూర్చోబెట్టాడు. సీటు వచ్చిందంటే చాలా సంతోషించాడు. సుక్రీ అని కేకేశాడు. రెండు వైపుల నుంచి ఇద్దరు పిల్లలు వచ్చారు. ఒకతె హాస్టల్ యూనిఫాంలో ఉంది, పండక్కని ముందే ఇంటికి వచ్చింది. రెండోది మోకాళ్ళ దాకా బురదతో, పొలంలోంచి వచ్చింది. యూనిఫాం పిల్ల సన్నగా పొడుగ్గా ఉంది, ఇది కుదిమట్టంగా, గుండ్రటి మొహంతో ఉంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. ఏ కళ్ళున్నవాళ్ళూ వాళ్ళని ఒకే మనిషి అనరు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

సారు చాప మీద నుంచి దిగి, మట్టిలో గొంతుక్కూర్చుని, నాకూ తెలియాలని కాబోలు తెలుగులోనే, నీకు సీటు వచ్చిందమ్మా, మాతో రా అన్నారు. ఆ పిల్ల ఊరి బడిలో తెలుగు బాగానే నేర్చుకుంది. దానికి కోపం లేదు. తెలిసిన సంగతి మళ్ళీ చెప్పినట్టు చెప్పింది.

‘మీకు ఒక సుక్రి సాలంట కదా. అది ఎల్లిపోనాది కదా.’

‘ఇద్దరూ కావాలి. తప్పు జరిగింది’ అన్నారు సారు.

బుద్ర కల్పించుకుని, నీ తప్పేటుంది బాబూ, మిసను కదా అలగన్నాది అన్నాడు. సారు తల అడ్డంగా ఊపారు. మిసను కాదు, నానే దానిసేత అనిపించినాను అన్నారు. ఆయన మాట అలా మారిపోవడం నేను అదే మొదలు వినడం. పిల్ల ఇంకా కదలడం లేదు. దానికి ధైర్యం రావాలని అనుకున్నారో, ఇక దాచడం చాతకాలేదో, నాదీ వారం పేరేనమ్మా అన్నారు. నా ముందే, చుట్టూ ఇళ్ళ వరండాల్లో నిలబడ్డ ఆడవాళ్ళందరి ముందే, ఆ పేరు పైకి చెప్పారు. ఆడవాళ్ళు నవ్వారు, కానీ అది మా ఆఫీసులో నవ్విన నవ్వు కాదు.

ఆ పిల్ల నవ్వలేదు. యూనిఫాం పిల్ల చెయ్యి వదిలి ఒక అడుగు ముందుకు వేసి, ఆయన మొహంలోకి చూసింది.

‘నీదీ వారం పేరే అయితే, సుక్రిలు శానామంది ఉంటారని నీకు ఎరికే కదా?’

బుద్ర దాన్ని కసిరాడు. సారు వద్దన్నట్టు చెయ్యెత్తారు. ఆ పిల్ల జవాబు కోసం నిలబడే ఉంది.

‘ఎరికే’ అన్నారు.

అది ఇంకేమీ అడగలేదు. తిరిగి పొలంలోకి వెళ్ళిపోయింది. మేం చీకటి పడబోయేదాకా కూర్చున్నాం. తండ్రి రెండుసార్లు వెళ్ళి పిలిచి వచ్చాడు. తల్లి వెళ్ళింది. హాస్టల్ సుక్రి కూడా వెళ్ళింది. రాలేదు. ఆ ఏడాదంతా హాస్టల్లో ఆ పిల్ల చోటు ఖాళీగానే ఉంది, సారు దాన్ని ఇంకెవరికీ ఇవ్వనివ్వలేదు.